చిగుళ్ల కింద తనంతట తానే కరిగే సెంట్రింగ్

విశాఖ ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో దంతవైద్యుడు రాసిచ్చే ఎస్టిమేట్ చీటీలో ఇంప్లాంట్, అంటే పోయిన పంటికి బదులు దవడలో బిగించే స్క్రూ, దాని కింద చాలాసార్లు ఇంకో రెండు పద్దులు ఉంటాయి. ఒకటి బోన్ గ్రాఫ్ట్, రెండోది మెంబ్రేన్. మొదటిది ఎముక పొడి అని చెబితే అర్థమైపోతుంది. రెండోదాని గురించి అడిగేవాళ్లు తక్కువ, అడగకుండానే చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. విప్పి చూస్తే తపాలా బిళ్లంత తెల్లటి, పల్చటి ముక్క. ధర వేలల్లో. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ‘పోర్సిన్’ అనో ‘బోవైన్’ అనో రాసి ఉంటుంది. మొదటిదానికి అర్థం పందిది అని, రెండోదానికి ఆవు, గేదె జాతిది అని. జంతువు నుంచి తీసిన పొర మనిషి దవడలో ఏం చేస్తుంది? అంత ఖరీదుపెట్టి వేయించుకున్నది కొన్ని వారాల్లో కరిగిపోతుందంటే అది నష్టమా, లాభమా?

ముందు ఎముక సంగతి. పన్ను ఉన్నంతకాలమే దాని చుట్టూ ఉన్న ఎముకకు పని ఉంటుంది. పన్ను పీకించుకున్నాక దవడ గట్టు ఆ చోట కుంగుతుంది. ఏడాదిలో గట్టు వెడల్పు సుమారు సగం తగ్గిపోవచ్చు. అందులోనూ మూడింట రెండొంతులు మొదటి మూడు నెలల్లోనే పోతుంది. ‘తర్వాత చూద్దాంలే’ అని రెండేళ్లు ఆగినవాళ్లకు ఇంప్లాంట్ స్క్రూ బిగించడానికి చాలినంత ఎముక మిగలకపోవడానికి కారణం ఇదే. పయోరియా అనే చిగుళ్ల జబ్బులో ఇదే తంతు పన్ను ఉండగానే జరుగుతుంది. పంటి వేరు చుట్టూ ఎముక తగ్గి, అక్కడ గుంట పడి, పన్ను కదలడం మొదలవుతుంది.

పోయిన ఎముక తిరిగి పెరగదా అంటే, పెరుగుతుంది. కాకపోతే చోటు దొరకాలి. పుండు మానేటప్పుడు అక్కడికి రకరకాల కణాలు వచ్చి చేరతాయి. చిగురు పైపొర కణాలు రోజుకు సుమారు అర మిల్లీమీటరు చొప్పున జరుగుతూ వస్తాయి. ఎముక కణాలది నిదానం. ముందు రక్తనాళాలు రావాలి, తర్వాత మెత్తటి అల్లిక, ఆపైన ఖనిజం పేరుకోవడం. ఊడ్చిన మడిని వదిలేస్తే వరి కంటే ముందు తుంగ లేచినట్టు, ఎముక రావాల్సిన గుంటలోకి చిగురు దిగిపోతుంది. పుండు మానినట్టే కనిపిస్తుంది గానీ లోపల ఎముక ఉండదు. 1976లో మెల్చర్ అనే దంత పరిశోధకుడు ఈ సంగతిని సూత్రంగా చెప్పాడు: ఏ కణాలు ముందుగా వచ్చి ఆ చోటును ఆక్రమిస్తాయో, గాయం ఆ రకంగానే మానుతుంది. చిగురును కొంతకాలం అడ్డుకోగలిగితే చాలు, మిగతా పని ఒళ్లే చూసుకుంటుందన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది.

ఆ అడ్డు మొదట్లో జంతువుల నుంచి వచ్చింది కాదు. 1982లో స్వీడన్‌లో నైమన్ బృందం ఒక రోగి కింది ముందుపన్ను దగ్గర ప్రయోగశాలల్లో వాడే మిల్లీపోర్ ఫిల్టర్ ముక్కను అడ్డంగా పెట్టి చూసింది. 1988లో డాలిన్ బృందం ఎలుకల దవడల్లో రెండు పక్కలా రంధ్రాలు చేసి, ఒక పక్క టెఫ్లాన్ పొర కప్పి, రెండో పక్క వదిలేసింది. పొర కప్పిన పక్క వారాల్లోనే ఎముకతో పూడింది. వదిలేసిన పక్క మెత్తటి కణజాలమే నిండింది. అదే ఎలుక, అదే దవడ, అదే రక్తం. తేడా ఒక్క అడ్డుపొర మాత్రమే. ఈ వైద్యంలో ఇంతకంటే సూటైన రుజువు దొరకదు.

టెఫ్లాన్‌తో వచ్చిన చిక్కు ఇల్లు కట్టించినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగ్ కొడతారు. కాంక్రీటు గట్టిపడేదాకా అది ఉండాలి. గట్టిపడ్డాక తీసేయాలి. టెఫ్లాన్ కరగదు కాబట్టి ఈ సెంట్రింగ్ ఊడదీయడానికి చిగురును మళ్లీ కోయాలి. రెండోసారి మత్తు, రెండోసారి కుట్లు, రెండోసారి టెన్షన్. పైగా మధ్యలో చిగురు విచ్చుకుని టెఫ్లాన్ బయటపడితే దాని మీద సూక్ష్మజీవులు పేరుకుని, కొన్నిసార్లు ముందుగానే తీసేయాల్సి వచ్చేది. గడువు తీరాక తనంతట తానే కరిగిపోయే సెంట్రింగ్ ఉంటే ఈ బాధ ఉండదు కదా! ఆ వెతుకులాటే కొల్లాజెన్ దగ్గరికి తీసుకొచ్చింది. పంది కొల్లాజెన్‌తో చేసిన స్విట్జర్లాండ్ పొర బయోగైడ్ 1990లలో మార్కెట్‌లోకి వచ్చాక, దంతవైద్యంలో ఈ రకానికి అదే కొలబద్దలా మారింది.

కొల్లాజెన్ మనకు పరాయిది కాదు. ఒంట్లో ఉన్న ప్రోటీన్లలో మూడో వంతుకు దగ్గరగా ఇదే. చర్మం, స్నాయువులు, చిగురు, ఎముకలోని అల్లిక అంతా దీనితో నేసిందే. ఎముకలోంచి ఖనిజాన్ని తీసేస్తే మిగిలేదాంట్లో సుమారు తొంభై శాతం ఒకటో రకం కొల్లాజెన్. దాని ఆకారాన్ని విప్పి చెప్పింది పక్కనే ఉన్న మద్రాసులో అన్నది మన పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోని విషయం. 1954, 55 సంవత్సరాల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి, మూడు పోగులు ఒకదాన్నొకటి మెలేసుకున్న తాడులా కొల్లాజెన్ ఉంటుందని తేల్చారు. వాళ్లు పరీక్షించిన నమూనాల్లో కంగారూ తోకలోని స్నాయువు కూడా ఉంది. ఈ తాడులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసీన్. అన్నిటికన్నా చిన్నది కాబట్టే పోగుల మధ్య ఇరుకు సందులో అది ఇముడుతుంది.

ఈ తాడు అల్లిక పాలిచ్చే జంతువులన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటుంది. పంది కొల్లాజెన్‌ను మనిషి ఒళ్లు పెద్దగా ఎదిరించకపోవడానికి కారణం అదే. తేడాలు ఎక్కువగా తాడు కొసల్లో ఉంటాయి. అందుకే తయారీలో కొన్ని పద్ధతులు పెప్సిన్ అనే ఎంజైముతో ఆ కొసలను కత్తిరించేస్తాయి. మిగతా తయారీ అంతా ఒకరకంగా చాకిరేవు పనే. పంది చర్మం, గుండె చుట్టూ ఉండే పొర, ఆవు మడమ దగ్గరి స్నాయువు, ఏది తెచ్చినా దానిలోని కొవ్వు తీయాలి, కణాలను, వాటి డీఎన్ఏను కడిగేయాలి, క్షారంలో నానబెట్టాలి, గడ్డకట్టించి తేమ లాగేయాలి, చివర గామా కిరణాలతోనో ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతోనో సూక్ష్మజీవులను చంపాలి. జంతువు పోయి అల్లిక మిగలాలి. ధరలో ఎక్కువ భాగం ముడిసరుకుది కాదు, ఈ ఉతుకుడుది, దాన్ని ప్రతి బ్యాచ్‌లోనూ రుజువు చేయడానికి అయ్యే ఖర్చుది.

మంచి పొరకు రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి నున్నగా, దట్టంగా ఉంటుంది. చిగురు వైపు పెట్టేది ఇదే. రెండోది గరుకుగా, సందులు సందులుగా ఉంటుంది. ఎముక వైపు ఉండే ఈ ముఖంలోకి ఎముక కణాలు, రక్తనాళాలు పాకుతాయి. కింద గ్రాఫ్ట్ పొడి నింపి, పైన ఈ పొర కప్పి, చిగురు మూసి కుట్లు వేస్తారు. పొర లేకుండా పొడి ఒక్కటే పోస్తే ఏమవుతుందో ఆర్కే బీచ్ చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. హార్బర్ దగ్గర తవ్వి తీసిన ఇసుకను ఏటా తెచ్చి తీరంలో పోస్తూనే ఉంటారు, అలలు దాన్ని పట్టుకుపోతూనే ఉంటాయి. నోట్లోనూ నాలుక, బుగ్గ, నమలడం ఆగని అలల్లాంటివే.

ఇక అసలు కీలకం గడువు. రసాయనాలతో గట్టిపరచని సహజ కొల్లాజెన్ పొర కొన్ని వారాల్లోనే పట్టు కోల్పోతుంది. ఒంట్లో ఉండే కొల్లాజినేజ్ ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి. చిన్న గుంటకు ఆ వ్యవధి చాలు. పెద్ద లోటు పూడాలంటే నెలలు పడుతుంది. అందుకని పోగుల మధ్య అదనపు ముడులు వేసి, అంటే క్రాస్‌లింక్ చేసి, పొరను నాలుగైదు నెలలు, అంతకంటే ఎక్కువే నిలిచేలా చేస్తారు. ఒకప్పుడు దీనికి గ్లూటరాల్డిహైడ్ ఎక్కువగా వాడేవారు. దాని అవశేషాలు మిగిలితే చుట్టూ ఉన్న కణాలకే హాని. కంచే చేను మేసినట్టన్నమాట. రైబోజ్ చక్కెరతో ముడులు వేసే పద్ధతులు తర్వాత వచ్చాయి. ముడులు ఎక్కువైన పొర చిగురుతో తొందరగా కలవదు, చిగురు విచ్చుకుని బయటపడే అవకాశమూ పెరుగుతుంది. ‘ఎక్కువ రోజులు ఉంటుంది, కాబట్టి మంచిది’ అని కంపెనీ ప్రతినిధి చెప్పే మాటలో సగమే నిజం. ఇరవై రోజుల స్లాబుకు ఆరు నెలలు సెంట్రింగ్ ఉంచినందువల్ల స్లాబు ఇంకాస్త గట్టిపడదు.

కొల్లాజెన్‌కు ఇంకో బలహీనత ఉంది, అది మెత్తన. తడవగానే గుంట ఆకారానికి ఒదిగిపోతుంది. ఇంప్లాంట్ పక్కన ఎముక గోడ చిన్నగా విరిగిన చోట ఇది వరం. గట్టు ఎత్తు పెంచాల్సిన చోట మాత్రం లోపలికి కుంగిపోతుంది. అలాంటప్పుడు గుడారానికి గుంజల్లా చిన్న స్క్రూలు నిలబెట్టడమో, టైటానియం ఊతం ఉన్న కరగని పొర వాడటమో చేయాల్సి వస్తుంది. పన్ను తీసిన గుంటకు నాలుగు గోడలూ చెక్కుచెదరకుండా ఉంటే పొరతో నిజానికి పెద్ద పని ఉండదు, రక్తం గడ్డే పని మొదలుపెడుతుంది. ఎస్టిమేట్‌లో పొర ఉంటే, ఏ గోడ లేదని దాన్ని రాశారో ఎక్స్‌రే చూపించి చెప్పమనడం రోగి హక్కు.

అలాగని పొర ఎంత ఖరీదైనదైనా పైన చిగురు కుట్లు వదులైతే ఫలితం తేడా కొడుతుంది. పొర నోట్లోకి బయటపడితే ఎంజైములకు తోడు సూక్ష్మజీవులు కూడా తయారవుతాయి. పయోరియాకు ముఖ్య కారణమైన పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే సూక్ష్మజీవి కొల్లాజెన్‌ను నమిలేసే ఎంజైములను సొంతంగా తయారుచేసుకుంటుంది. వారాలు ఉండాల్సిన పొర రోజుల్లో పోతుంది. అదుపులో లేని షుగరు, పొగ ఈ ముప్పును పెంచుతాయి. పొగ మాట వస్తే ఉత్తరాంధ్రను విడిగా చెప్పుకోవాలి. చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఈ తీరంలో, ముఖ్యంగా మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లలో తరాలుగా ఉంది. ఆ అలవాటువల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తోందని విశాఖ వైద్యులు 1950లలోనే రాశారు. క్యాన్సర్ దాకా పోకపోయినా, ఆ వేడికీ పొగకూ గురయ్యే నోట్లో రక్తనాళాలు సరిగా పెరగవు. రక్తనాళం చేరని చోటికి ఎముకా చేరదు. అలాంటి నోటికి ఏ పొర వేయాలన్నది రెండో ప్రశ్న, చుట్ట మానిపించడం ఎలా అన్నదే మొదటిది.

ఏ జంతువు అన్న ప్రశ్నను వైద్యం ఒకలా చూస్తుంది, ఇల్లు ఇంకోలా చూస్తుంది. వైద్యం దృష్టిలో మొదటి భయం మ్యాడ్ కౌ జబ్బు. 1986లో బ్రిటన్‌లో పశువుల్లో బయటపడింది. అది మనుషులకూ సోకుతుందన్న అనుమానం 1996లో బలపడింది. ఆ జబ్బుకు కారణమైన ప్రియాన్ అనే వంకర ప్రోటీన్ మామూలు స్టెరిలైజేషన్‌కు లొంగదు. అందుకే ఆవు కొల్లాజెన్‌ను జబ్బు లేని దేశాల మందల నుంచి తీసుకుని, గాఢ క్షారంలో నానబెట్టడం అంత పట్టింపుగా మారింది. పందుల్లో సహజంగా ఇలాంటి జబ్బు కనిపించలేదు. పంది పొరలు పైచేయి సాధించడానికి అదీ ఒక కారణం. రెండో భయం ఎలర్జీ. ముడతలు పోవడానికి చర్మంలోకి ఎక్కించే ఆవు కొల్లాజెన్‌కు సుమారు మూడు శాతం మంది ఒళ్లు ఎదురుతిరుగుతుందని తెలుసు. దంతవైద్యంలో వాడే పొరలతో అలాంటివి అరుదు. అయినా పశుమాంసం, పంది మాంసం పడనివాళ్లు ముందే చెప్పడం మంచిది.

ఇంట్లో ఉండే లెక్క వేరు. సింహాచలం అప్పన్నకు కోడెదూడలు మొక్కుకునే కుటుంబానికి ‘బోవైన్’ అంటే ఏమిటో చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం తప్పు. పాతనగరంలోని ముస్లిం కుటుంబానికి ‘పోర్సిన్’ సంగతి చెప్పకపోవడమూ అంతే తప్పు. మందుకు పట్టింపు లేదనుకునేవాళ్లు ఉంటారు, గేదెదైతే పర్వాలేదు ఆవుదైతే వద్దనేవాళ్లు ఉంటారు, శాకాహారం అంటే దవడ దాకా శాకాహారమే అనేవాళ్లూ ఉంటారు. ఎవరి లెక్క సరైనదో డాక్టరు తేల్చనక్కర్లేదు, పొర దేనితో తయారైందో చెబితే చాలు. ‘రోగులు భయపడతారు, అందుకే చెప్పం’ అనే వాదన నిలవదు. గుళికల పైపెంకు జంతువుల నుంచి తీసిన జెలటిన్ అని తెలిశాక మందులు మానేసినవాళ్లు ఎంతమంది? దేశంలో ఈ పొరలు 2017 వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. ముప్పును బట్టి ఎ నుంచి డి దాకా నాలుగు తరగతులున్న ఆ చట్రం పరికరం నాణ్యతను చూస్తుంది. పట్టింపుల సంగతి మాత్రం క్లినిక్ కుర్చీ దగ్గరే తేలాలి.

ఈ చిక్కులన్నిటికీ జవాబు చేపే కదా అన్న ఆలోచన హార్బరున్న ఊళ్లో సహజంగానే వస్తుంది. చేపలో మ్యాడ్ కౌ భయం లేదు, ఆవు, పంది పట్టింపూ లేదు. చర్మం, పొలుసులు, గాలితిత్తి అన్నిటా కొల్లాజెనే. చేప ముక్కలు కొట్టేచోట గుట్టలు పడేదంతా ముడిసరుకే. కానీ ప్రకృతి ఇక్కడ ఒక మెలిక పెట్టింది. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసిన చేపల పులుసు జెల్లీలా బిగుసుకుని ఉంటుంది కదా, అది ఉడుకులో మెలిక విడిపోయిన కొల్లాజెనే, అంటే జెలటిన్. చేప కొల్లాజెన్ మెలిక విడిపోవడానికి ఉడుకు కూడా అక్కర్లేదు. తాడును బిగించి ఉంచే హైడ్రాక్సీప్రోలిన్ అందులో తక్కువ. చల్లటి సముద్రాల కాడ్ చేప కొల్లాజెన్ ద్రావణంగా ఉన్నప్పుడు సుమారు 15 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. మన ఒంటి వేడి 37. అందులో పెడితే పొర జావగా మారుతుంది. వెచ్చటి నీళ్లలో పెరిగే తిలాపియా లాంటి చేపలది ముప్పై దాటిందాకా నిలుస్తుంది కాబట్టి వాటికి కొన్ని ముడులు వేస్తే పని జరుగుతుంది. ముడిసరుకు కావాల్సింది వెచ్చటి నీటి చేప నుంచి అన్నమాట. అందులోనూ వైజాగ్ వలల కంటే కొల్లేరు పక్క చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి నయమేమో కూడా. చెరువు చేప అయితే ఏ చెరువుది, ఏ మేత తిన్నది, ఏ రోజు పట్టింది అన్నీ చెప్పొచ్చు. సముద్రంలో పట్టిన కలగాపులగం సరుకుకు ఆ చిట్టా ఉండదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. వైద్య పరికరం చేసే ఫ్యాక్టరీకి ఏడాది పొడవునా ఒకే రకం, ఒకే నాణ్యత కావాలి.

అలాగని దారి మూసుకుపోలేదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది. చేప వ్యర్థాల నుంచి కొల్లాజెన్, రొయ్య పెంకుల నుంచి కైటోసాన్ తీయడం ఆ సంస్థ పాత పనే. పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీకీ, పరీక్షలకూ ఏర్పాట్లున్నాయి. ముడిసరుకు, పరిశోధన, తయారీ ఇలా ఒకే ఊళ్లో ఉండటం అరుదు. వాటిని కలపడం మాత్రం గట్టుకు సిమెంటు పూసినంత తేలిక కాదు. కరిగే వేగం, ఎలర్జీ, జంతువుల్లో పరీక్ష, మనుషుల్లో పరీక్ష అన్నీ దాటాలి. చేప పడనివాళ్లు కొందరిలో ఆ ఎలర్జీ మాంసంలోని ప్రోటీన్‌కే కాక కొల్లాజెన్‌కు కూడా ఉంటుంది. చేప అంటే అందరికీ సేఫ్ అనే మాటకు తీరప్రాంతంలో అదొక హద్దు.

జంతువే వద్దనుకున్నా దారులు లేకపోలేదు. రోగి రక్తాన్నే గొట్టంలో తిప్పి తీసే ఫైబ్రిన్ పొర చవక, సొంతం, కానీ ఒకటి రెండు వారాల్లో కరిగిపోతుంది. పెద్ద లోటుకు ఆ అడ్డు చాలదు. పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసిన కృత్రిమ పొరలు కరిగేటప్పుడు ఆమ్లం వదులుతాయి. టెఫ్లాన్‌కు రెండో కోత తప్పదు. ఏదీ ఉచితం కాదు, అన్నిచోట్లా పనికొచ్చేది ఏదీ లేదు.

పొర పెట్టించుకున్నవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. పెట్టెతో పాటు వచ్చే చిన్న స్టిక్కరు మీద పొర పేరు, బ్యాచ్ సంఖ్య ఉంటాయి. దాన్ని క్లినిక్ ఫైలులో అంటించమనాలి, ఒక ఫోటో ఫోన్‌లో దాచుకోవాలి. నాలుగు నుంచి ఆరు నెలల తర్వాత ఇంప్లాంట్ బిగించడానికి చిగురు తెరిచినప్పుడు, అంతా సవ్యంగా జరిగి ఉంటే, పొర కోసం వెతికినా కనిపించదు. గట్టిపడిన ఎముక, దానిలో చిక్కుకున్న గ్రాఫ్ట్ రవ్వలు ఉంటాయి. అక్కడ ఒకప్పుడు ఏముండేదో చెప్పేది ఆ స్టిక్కరు ఒక్కటే.